కడిగిన పలక

నబీ సాహెబుకు కోపం వస్తే నోరు చేసుకోడు, పనిలో పడతాడు. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఆ పూట ఆయన జోలికి పోరు. ఆ పొద్దు కర్నూలు పాత ఊళ్ళోని ఫొటో స్టూడియో వెనక వసారాలో, ఇత్తడి కాగులో నీళ్ళు సలసలా మరుగుతుంటే గుప్పెడు చాకలి సోడా పోసి, పాత గాజు పలకలను ఒక్కొక్కటే ముంచి కొబ్బరి పీచుతో రుద్దుతున్నాడు. రుద్దడమంటే మామూలుగా కాదు. వాటి మీద ఏదో పాతకక్ష ఉన్నట్టు రుద్దుతున్నాడు.

ఆ పలకలన్నీ ఒకప్పటి ఫొటోలు. ఫిలిం ఇంత సులువుగా దొరకని రోజుల్లో, మందు పూసిన గాజు పలకనే కెమెరాలో పెట్టేవాళ్ళు. బొమ్మ ఆ గాజు మీదే నిలిచిపోయేది. ఏళ్ళ తరబడి పెట్టెల్లో పడి ఉన్న వాటిని ఇప్పుడు వేడి సోడా నీళ్ళలో ముంచితే మందుపొర మీగడలా జారిపోతుంది. మిగిలేది ఉత్త అద్దం. ఫొటోల ఫ్రేములకు పనికొస్తుంది. బొంబాయి నుంచి అద్దాలు సరిగ్గా రావడం లేదని యజమాని ప్రకాశం నిరుటి నుంచి ఈ పని పెట్టించాడు.

కడిగే ముందు నబీ సాహెబుకు ఒక పద్ధతి ఉంది. పలకను కిటికీ వెలుతురుకు ఎత్తి, అందులో ఎవరున్నారో ఒక్కసారి చూస్తాడు. "మట్టి చేసేముందు మొగం చూడమా ఏం? ఇదీ అంతే," అంటాడు. ఎవరైనా మళ్ళీ అడిగి వస్తారనిపిస్తే దాన్ని కడగకుండా పక్కన పెడతాడు. అట్లా పక్కన పెట్టినవి ఒక పెట్టెడున్నాయి.

ఆ పొద్దు మాత్రం చూడలేదు. పెద్ద సైజువి నాలుగే నాలుగు పలకలు, ప్రకాశం తీసి ఇచ్చినవి ఇచ్చినట్టే కాగులోకి తోశాడు. వేడికి ఒకటి టప్పున పగిలింది. "పోతే పోయె, పీడ," అని గొణుక్కుని మిగతా మూడింటినీ రుద్దాడు.

ఇంతకూ ఆ కోపానికి కారణం ముందుగదిలో బల్ల మీద, మెత్తటి గుడ్డలో చుట్టి ఉంది. అరచేతిలో ఇమిడే జర్మనీ కెమెరా. ప్రకాశం బావమరిది బొంబాయి నుంచి తెచ్చి ఇచ్చాడు. ఆ ఉదయం ప్రకాశం దాన్ని చంటిపిల్లను ఎత్తినట్టు ఎత్తి చూపించాడు.

"చూడు చిన్నాయనా! ఈ మీట సగం నొక్కి ఈ కంతలోంచి చూడు. పచ్చ గుర్తు పడిందా? పడితే పూర్తిగా నొక్కు. ఎర్ర గుర్తు పడితే మానుకో. అంతే. వెలుతురు ఎంతుండాదో అదే చూసుకుంటాది, కన్ను ఎంత తెరవాల్నో అదే తెరుస్తాది. ఇంగ మనిషితో పనేముండాది?"

నబీ సాహెబు ఆ కంతలోంచి చూశాడు. పచ్చ గుర్తు పడింది. కెమెరాను జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు.

"వెలుతురు ఎంతుండాదో చూస్తాది, సరే. ఎవరి మీద పడిందో చూస్తాదా?"

"నీకు అన్నీ అనుమానాలే!" ప్రకాశం నవ్వాడు. నవ్వి, ఎప్పటినుంచో నోట్లో నానుతున్న మాట బయటపెట్టాడు. "చిన్నాయనా, కోపగించుకోవద్దు. నీ కండ్లకు పొరలొచ్చినాయి. మొన్న పెండ్లికూతురు బొమ్మ మసకబారె. ఇంగ మూత తీసేది, లెక్కబెట్టేది చాలించు. అద్దాలు కడిగేది, ఫ్రేములు బిగించేది చూసుకో. కూసోని చేసే పని."

నబీ సాహెబుకు తల కొట్టేసినట్టయింది. ఈ ప్రకాశానికి పెట్టె కెమెరా నల్లగుడ్డ కింద దూరడం నేర్పింది ఎవరు? వెలుతురును కొలవడానికి ఆయనకు ఏ యంత్రమూ అక్కర్లేదు. మొహం పక్కన తన చేతిని వెనకవైపు తిప్పి పెట్టి, కణుపుల మీద నీడ ఎంత చిక్కగా ఉందో చూసేవాడు. కెమెరా కంటికున్న మూత తీసి, మనసులో లెక్కపెట్టి, మళ్ళీ మూసేవాడు. రెండంటే రెండు, నాలుగంటే నాలుగు. ఇన్నేళ్ళుగా కర్నూలులో ఆ లెక్క తప్పిందన్నవాడు లేడు. ఆ మాట ప్రకాశంతో అనలేదు. "సరేప్పా," అని లేచి వసారాలోకి పోయి పొయ్యి అంటించాడు.

మర్నాడు పొద్దున్నే ఒక మనిషి స్టూడియో మెట్ల మీద కూలబడి ఉన్నాడు. తల మీద తుండు, ఒళ్ళంతా బండల దుమ్ము. పేరు ఉరుకుందు. బేతంచెర్ల దోవలో బండలు తీసే గని దగ్గర నుంచి వచ్చాడు.

"మా యన్న పోయినాడప్పా, సోమన్న. రొమ్ములో రాయిదుమ్ము చేరి దగ్గీ దగ్గీ పోయినాడు. మధ్యాన్నానికి ఎత్తాల. మా వదిన ఒకటే పట్టు పట్టింది, పోటో తీస్తేనే ఎత్తనిస్తానని."

ఆ వైపు జనంలో చనిపోయినవాళ్ళను గోడకు ఆనించి కూర్చోబెట్టి, పూలు వేసి, ఫొటో తీయించుకోవడం కొత్తేమీ కాదు. బతికుండగా స్టూడియో గడప తొక్కినవాళ్ళు ఎంతమంది? ప్రకాశం కొత్త కెమెరా మెడలో వేసుకున్నాడు. బయలుదేరబోతూ ఆగి, "చిన్నాయనా, నువ్వూ రా. శవాన్ని సరిగ్గా కూసోబెట్టేది నీకే తెలుసు," అన్నాడు. అసలు సంగతేమంటే ప్రకాశానికి శవాన్ని ముట్టుకోవాలంటే భయం.

బస్సు దిగి, గని దగ్గరి గుడిసెల మధ్యకు చేరేసరికి సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. సోమన్నను ఒక మట్టిగోడకు ఆనించి కూర్చోబెట్టారు. కొత్త పంచె, మెడ నిండా బంతిపూలు, నుదుట విభూతి. తల వాలిపోతోంది. నబీ సాహెబు చెప్పులు విడిచి దగ్గరికి పోయాడు. తడిగుడ్డతో మొహం తుడిచాడు. మెడ వెనక చిన్న గుడ్డచుట్ట దోపి, తల నిలబెట్టి, గడ్డం కింద కట్టిన గుడ్డను పూలలో దాచాడు. ముప్పై ఐదేళ్ళు కూడా ఉండవు. కరుకైన నల్లటి మొహం, బుగ్గలు లోపలికి పోయాయి, పెదవి చివర చిన్న గాటు.

సోమన్న భార్య సిద్దమ్మ గోడవారగా నిలబడి ఇదంతా చూస్తోంది. ఏడ్చీ ఏడ్చీ గొంతు పోయింది. ఆరో నెల కడుపు.

"నాయనా, నల్లగుడ్డ పెట్టె తేలేదా?" అని అడిగింది.

"దాని కాలం అయిపోయిందమ్మా," అన్నాడు ప్రకాశం. "ఇది కొత్తది. జర్మనీది."

ఆమె ప్రకాశాన్ని చూడలేదు. నబీ సాహెబుతోనే అంది: "మొగం బాగా పడాల, నాయనా. పూలు పడకపోయినా పర్వాలేదు. రేపు ఈ పుట్టేదానికి మీ నాయన ఇట్ల ఉండె అని చూపిచ్చాల. ఇంగేమీ లేదు మాకు."

"పడతాదమ్మా," అన్నాడు నబీ సాహెబు.

అని, లేచి నాలుగడుగులు వెనక్కు నడిచి చూశాడు. చూరు నీడ సోమన్న మొహం మీదుగా రొమ్ము దాకా దిగి ఉంది. రొమ్ము కింద కొత్త పంచె మీద భగ్గుమని ఎండ. ముందున్న వాకిలంతా తెల్లటి రాతిపొడి, చూస్తే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. ఆయన అలవాటు కొద్దీ మళ్ళీ ముందుకు పోయి, చనిపోయినవాడి చెంప పక్కన అట్లాగే చెయ్యి పెట్టి చూశాడు. నీడలో చెయ్యీ మొహమూ ఒకటే నలుపు. పంచె మాత్రం మంట. ఆ యంత్రం చూసేది పంచెనూ వాకిలినీ. అబ్బో బోలెడు వెలుతురు అనుకుని కన్ను చిన్నది చేసుకుంటుంది. మొహం బొగ్గవుతుంది.

దీనికి ఉపాయం ఆయనకు కొట్టిన పిండి. పంచె మీద ఒక నల్ల కంబళి కప్పి, ముందర ఇద్దరి చేత తెల్ల దుప్పటి పట్టించి వెలుతురును మొహం మీదికి మళ్ళించాలి. లేదా మనిషిని రెండు మూరలు ముందుకు జరపాలి. ఒక్క మాట చెబితే చాలు.

"జరుగు చిన్నాయనా, అడ్డమొస్తాండావు," అన్నాడు ప్రకాశం. "పచ్చ గుర్తు పడిపోయింది! ఇంగ నీ చేతితో పనిలేదు."

చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. నబీ సాహెబు చెయ్యి తీసేశాడు. నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు. పడనీ, పడితేనే తెలిసొస్తుంది అనుకున్నాడు. పక్కకు జరిగి చెప్పులు వేసుకున్నాడు. ప్రకాశం ఐదుసార్లు నొక్కాడు. ఐదుసార్లూ పచ్చ గుర్తే.

తిరుగు బస్సులో ప్రకాశం హుషారుగా ఏదేదో మాట్లాడాడు. నబీ సాహెబు కిటికీలోంచి ఎండిన చేలను చూస్తూ కూర్చున్నాడు.

ఆ మర్నాడు ఫిలిం కడిగింది నబీ సాహెబే. ఆరబెట్టి కిటికీ దగ్గర ఎత్తి పట్టుకున్నాడు. పంచె ఉంది, పూలు ఒక్కొక్క రేకు లెక్కపెట్టవచ్చు, వాకిట్లో రాతి పలుకులు కూడా ఉన్నాయి. మొహం ఉండాల్సిన చోట ఫిలిం ఖాళీగా ఉంది. చెయ్యి తిరిగినవాడు కొంచెం ఉన్నదాన్ని పెంచగలడు గానీ అసలే లేనిదాన్ని ఎక్కడి నుంచి తేగలడు? ముందు ఒక్క క్షణం ఆయనకు సంతోషమే కలిగింది. నేననుకున్నట్టే అయింది అనుకున్నాడు. ఆ వెంటనే 'పడతాదమ్మా' అని తాను అన్న మాట గుర్తొచ్చింది. ఛీ, నాదీ ఒక బతుకా అనిపించింది.

ప్రింటు మీద ప్రింటు వేశాడు. కాగితాన్ని ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ వెలుతురుకు పెట్టాడు. మొహం మీద చెయ్యి అడ్డం పెట్టి మిగతాదానికి ఎక్కువసేపు వెలుతురిచ్చాడు. మధ్యాహ్నం నమాజుకు లేచిందీ లేదు, అన్నం తిన్నదీ లేదు. చివరికి వచ్చింది బూడిదరంగు మచ్చ. అందులో కన్ను ఏదో ముక్కు ఏదో తెలియదు. పెన్సిలుతో గీద్దామంటే, నిజమే, ఆ మొహం తాను తుడిచిందే. కానీ తడిగుడ్డతో తుడిచినప్పుడు తాను చూసింది వెలుతురును, మనిషిని కాదు. పెదవి చివర గాటొక్కటే గుర్తుంది.

ప్రకాశం ప్రింటు చూసి కనుబొమలు ఎగరేశాడు.

"బాగానే ఉండాది కదా! పూలు చూడు, ఎంత తేటగా పడినాయో."

"మొగం యాడుండాది ప్రకాశం?"

"నల్లోడు నల్లగా పడక తెల్లగా పడతాడా? పచ్చ గుర్తు పడినాకనే నొక్కినా. పెద్ద సైజు చేసి ఫ్రేము కట్టు. రేపు ఉరుకుందు వస్తాడు."

పెద్ద ఫ్రేముకు సరిపడే అద్దాలు మొన్న కడిగినవి మూడే. రెండు పెళ్ళిఫొటోలకు పోయి ఒకటే మిగిలింది. నబీ సాహెబు దాన్ని తుడుస్తుంటే మూలన బొటనవేలికి గీతలు గరుకుగా తగిలాయి. ఏ పలకైనా అంతే, ఆ గీతలు ఆయన గీసినవే. సిరా చెరిగిపోతుందని, గాజు కోసే వజ్రపు మొనతో పలక మూలన నంబరు చెక్కడం ఆయన అలవాటు. ఆ మూలను ఫ్రేము అంచు కిందికి పోయేట్టు తిప్పి, వెనక అట్ట పెట్టి మేకులు కొట్టాడు. చూడకుండానే కొట్టాడు. ఆ పనికి చూపు అక్కర్లేదు.

ఫ్రేమును ఉరుకుందు తీసుకుపోయిన మర్నాడే సిద్దమ్మ వచ్చింది.

మధ్యాహ్నపు ఎండలో వచ్చింది. భర్త పోయిన ఆడమనిషి దినాలు కాకముందే గడప దాటి బస్సెక్కి వచ్చిందంటే వీధిలో వాళ్ళు వింతగా చూశారు. ఆమె ఎవరినీ చూడలేదు. కొంగులో చుట్టి తెచ్చిన ఫ్రేమును ప్రకాశం ముందు బల్ల మీద పెట్టింది.

"ఈ పోటోలో ఆయప్ప యాడుండాడు?"

ప్రకాశం గొంతు సవరించుకున్నాడు. "అదేనమ్మా, మధ్యలో... కొంచెం చూరు నీడ పడింది. మనిషి నలుపు గదా. కెమెరా ఏం చేస్తాది?"

"మా యత్తకు చూపిచ్చినా. పూలు ఎవరికేసినారే అని అడిగింది." ఆమె గొంతులో కోపం లేదు. అదే వినలేకపోయారు ఇద్దరూ. లోపల ఫ్రేము చెక్కలు కోస్తున్న నబీ సాహెబు రంపం పక్కన పెట్టి లేచి వచ్చాడు.

ఆయనను చూడగానే సిద్దమ్మ కళ్ళు నిండాయి. "నాయనా, నువ్వు చెప్పు. నువ్వు పడతాదంటివే! ఇంతకుముందు ఒక్కతూరే ఆయప్ప పోటోలో పడింది. అది తీసింది గూడా నువ్వే. నాకు బాగా గ్యాపకం."

"నేనా? యాడ తల్లీ?"

"కరువు సంవచ్చరం. ఆలూరు రోడ్డు మీద కంకర కొట్టే పనిలో ఉంటిమి. కలెక్టరాపీసోల్లు పోటో తియ్యాలని నాలుగు గుంపుల్నీ నిలబెట్టిరి. నల్లగుడ్డ పెట్టె నీదే గదా. రెప్ప కొట్టొద్దు, రెప్ప కొట్టొద్దు అని అరిచినావు. మాకు కొత్తగా పెండ్లయింది. బొమ్మ ఎట్లొచ్చిందో మాకెవరూ చూపియ్యనే లేదు."

ప్రకాశం మొహం వికసించింది. "ఇంత మంచి మాట ముందే చెప్పొద్దా అమ్మా! ఆ పలకల్లోంచి మీ ఆయన మొగం ఒక్కటే పెద్దది చేసిస్తాము. కాపీలు అప్పుడే మద్రాసుకు పోయినాయి గానీ పలకలు మన దగ్గరే ఉండాయి. పెద్ద సైజువి నాలుగు. మొన్న నీకిచ్చినవి అవే గదా, చూసి పక్కన పెట్టింటావు. యాడుండాయి చిన్నాయనా?"

నబీ సాహెబు సిద్దమ్మ వైపు తిరిగి, "ఏ మేస్త్రి గుంపు, తల్లీ?" అన్నాడు.

"ఓబులేసు మేస్త్రి గుంపు."

ఆయన అలమర తెరిచి పాత రిజిస్టరు తీశాడు. కళ్ళకు దగ్గరగా పట్టుకుని, వేలితో వరుస వెంట దిగాడు. తన చేతిరాతే, తాను నేర్చుకున్న ఉర్దూ అంకెలే. ఓబులేసు మేస్త్రి గుంపు: నాలుగు, ఒకటి, ఏడు. రిజిస్టరు మూసి బల్ల మీదున్న ఫ్రేమును బోర్లించాడు. పట్టకారుతో మేకులు ఒక్కొక్కటే లాగాడు. అట్ట తీశాడు, ఫొటో తీశాడు. అద్దాన్ని బయటికి తీసి మూలను వేలితో తడిమాడు. తడిమితే చాలలేదు. గుమ్మం దగ్గరికి పోయి వెలుతురులో చూశాడు.

నాలుగు. ఒకటి. ఏడు.

"ఇందులోనే ఉండె, తల్లీ," అన్నాడు. "మీ ఆయన ఈ పలకలోనే ఉండె. మొన్న నేనే సోడా నీళ్ళలో వేసి కడిగేస్తి."

సిద్దమ్మకు వెంటనే అర్థం కాలేదు. అద్దం వైపూ ఆయన వైపూ మార్చి మార్చి చూసింది. ప్రకాశానికి అర్థమైంది. తల వంచుకున్నాడు.

"చూడకుండానే కడిగినావా, నాయనా?" అంది సిద్దమ్మ.

"ఎప్పుడూ చూస్తా. ఆ పొద్దు చూడల్యా. కోపంలో ఉండి చెయ్యి ఏం చేస్తాండాదో చూడల్యా." ఆయన ఆగలేదు. ఆగితే ఇంక చెప్పలేనని తెలుసు. "ఇంగోటి విను. మీ వాకిట్లో గూడా, మొగం పడదని నాకు తెలుసు. చూసినా. చూసి నోరు మూసుకున్నా. ఈయప్ప మీది పంతానికి. కెమెరాకైతే కండ్లు లేవు తల్లీ, నాకు ఉండె."

ప్రకాశం చివ్వున తలెత్తాడు. వీధిలో జట్కా ఒకటి గలగలమంటూ పోయింది.

సిద్దమ్మ ఆయన చేతుల్లోంచి పలకను తీసుకుంది. రెండు చేతులా పట్టుకుని వెలుతురుకు ఎత్తింది. అవతల వీధి కనబడింది, ఎదురింటి అరుగు కనబడింది. చాలాసేపు అట్లాగే పట్టుకుని, తర్వాత మెల్లగా బల్ల మీద పెట్టింది. గని దుమ్మూ చెమటా అంటిన చూపుడువేలు గాజు మీద నడుమ ఆనించింది.

"మేస్త్రి ఈడ, కుర్చీలో కూసోనుండె. ఆడోళ్ళం ముందర కింద కూసుంటిమి. నేను ఈడ." వేలు కొంచెం పైకి జరిగింది. "ఆయప్ప నా ఎనక నిలబడె. ఈడ. ఎండకు కండ్లు చికిలిస్తాంటే నువ్వే గదా కసిరితివి."

వేలు తీసింది. గాజు మీద రెండు ముద్రలు, ఒకటి కింద, ఒకటి పైన, మసకగా మిగిలాయి.

"ఆ నల్ల పోటో తీసెయ్ నాయనా. వట్టి అద్దమే బిగించియ్యి."

"వట్టి అద్దంలో పుట్టేదానికి ఏం చూపిస్తావమ్మా?" అన్నాడు ప్రకాశం. ఆ మాట అన్నందుకు వెంటనే సిగ్గుపడ్డాడు.

"ఏలు పెట్టి చూపిస్తా. ఈడ నేను, ఈడ మీ నాయన అని. ఆ పోటోలో ఏలు పెట్టేదానికి గూడా చోటు ల్యా గదప్పా."

ప్రకాశం ఏదో ఒక పని చేయాలన్నట్టు తుడిచే గుడ్డ అందుకుని ఆ ముద్రల మీదికి చెయ్యి చాపాడు. నబీ సాహెబు ఆ మణికట్టు పట్టుకున్నాడు. గుడ్డను లాక్కుని అలమరలోకి విసిరాడు. పలకను అంచుల దగ్గర మాత్రమే పట్టుకుని, వెనక తెల్ల అట్ట పెట్టడానికి లోపలికి తీసుకుపోయాడు. మేకులు కొట్టేముందు దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూశాడు.